ఆట చూడని కోచ్

దోహా, అల్ మన్సూరా
4 అక్టోబర్ 1996

పూజ్యులు మావయ్యకి,

నమస్కారాలు. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. అమ్ము మూడో తరగతికి వచ్చింది, ఎండలు ఇంకా తగ్గలేదు, ఆయన ఆఫీసు నుంచి ఎప్పటిలాగే ఆలస్యంగా వస్తున్నారు. ఇక అసలు సంగతి. నాకు ఉద్యోగం వచ్చింది!

మూడేళ్ళుగా ఈ ఊళ్ళో నేను ఇంజినీరుగారి భార్యని. వీసా మీద కూడా అంతే రాసి ఉంది. మొన్నొకరి ఇంట్లో విందుకి వెళ్తే ఒకావిడ "ఇండియాలో మీరేం చేసేవారు?" అని అడిగింది. పన్నెండేళ్ళు రైల్వే జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడానన్నాను. "అది సరేనండీ, ఉద్యోగం ఏం చేసేవారు?" అంది. ఆటే నా ఉద్యోగం, దానికే జీతమిచ్చేవారు అని చెప్తే అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

మా కింద ఫ్లాటులో సుర్రయ్యా అని హైదరాబాదు ఆవిడ ఉంటుంది. ఒక ఆడపిల్లల కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ విందులో ఆవిడొక్కతే నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టి, "ఏం వసుంధరా, నిజంగ ఆడినవా? అయితే చల్ నాతోని" అని నన్ను వాళ్ళ డీన్ దగ్గరికి తీసుకెళ్ళింది. డీన్ ఖతార్ ఆవిడే. నాకంటే ఓ పదేళ్ళు పెద్ద ఉంటుంది. చేతికి బంతిచ్చి బుట్టలో వెయ్యమంటుందేమో అనుకున్నాను, నా మోకాలి గురించి భయపడ్డాను కూడా. ఆవిడ అలాంటిదేం అడగలేదు. ఎన్నడూ బంతి ముట్టని ఒక అమ్మాయిని నా ముందు నిలబెట్టి, అరగంటలో ఏం నేర్పుతావో నేర్పు, నేను కూచుని చూస్తానంది. ఆ అమ్మాయికి బంతి పట్టుకుని ఆగడం నేర్పాను. డీన్ "యల్లా, శనివారం నుంచి వచ్చెయ్" అంది.

ఆట మానేసిన నాలుగేళ్ళకి మళ్ళీ గ్రౌండు వాసన పీల్చాను మావయ్యా. ఇది హాలు, ఏసీ ఉంది, వాసన వేరేలే. అయినా ఏడుపొచ్చింది. అత్తయ్యకి వెంటనే చెప్పండి.

మీ వసుంధర

నిడదవోలు
25 అక్టోబర్ 1996

చి.సౌ. వసుంధరకు,

ఆశీస్సులు. పోస్టుమాను గుమ్మం దిగకముందే నీ ఉత్తరం చదివేశాను. శెభాష్! కాలేజీ కోచ్ అంటే మాటలా? మా ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లవి, నా గ్రౌండులో నిక్కరేసుకుని పరిగెత్తిన పిల్లవి, దేశంకాని దేశంలో కోచ్ అయ్యావు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అదే ఊపులో సాయంత్రం పెన్షనర్ల సంఘానికి వెళ్ళి చెప్పాను. మా సెక్రటరీ ఉన్నాడే, జీవితమంతా తాలూకాఫీసులో అర్జీలు తిప్పికొట్టిన ఘనుడు, నోటు చూసి దొంగనోటన్నట్టు మొహం పెట్టాడు. "దుబాయిలో ఆడపిల్లలు బంతులాడతారా మాస్టారూ? అక్కడ ముసుగులు కదా?" అన్నాడు. దుబాయి కాదురా నాయనా ఖతారు అంటే, "ఏదో ఒకటి. మీ మేనకోడలు అక్కడ పిల్లల్ని ఆడించే ఆయా పని చేస్తుందేమో, కనుక్కోండి" అన్నాడు. పదిమంది ముందు! ముప్పై రెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషిని, వీడి కొడుక్కి నిటారుగా నిలబడటం నేర్పినవాణ్ణి. చెయ్యెత్తబోయి ఊరుకున్నాను.

కాబట్టి వెంటనే ఒక ఫోటో పంపు. నువ్వు మెడలో ఈల వేసుకుని మధ్యలో నిలబడాలి, వెనక జట్టు. పెద్ద సైజుది. సంఘం గోడకి తగిలిస్తాను, ఆ తర్వాత సెక్రటరీ మొహం చూస్తాను.

పరిగెత్తుకుంటూ వచ్చి ఆగేటప్పుడు పిల్లలు రెండు కాళ్ళూ ఒకేసారి ఆనిస్తున్నారా, ఒకదాని తర్వాత ఒకటా అని మీ అత్తయ్య అడగమంది. వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి మరీ అడిగింది. ఆడవాళ్ళ ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. ఫోటో మర్చిపోకు.

నీ మావయ్య
వేణుగోపాలరావు

దోహా
20 నవంబర్ 1996

పూజ్యులు మావయ్యకి,

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోటో కుదరదు.

మా హాలులోకి మగవాళ్ళు రాకూడదు, కెమెరా రాకూడదు. తలుపు దగ్గర ఒకావిడ కూచుని బ్యాగులు వెతుకుతుంది. ఇది విని మీ సెక్రటరీ ఇంకా రెచ్చిపోతాడని తెలుసు. కానీ నా మాట కూడా వినండి. లోపలికొచ్చి తలుపు పడగానే ఆ పిల్లలు బట్టల పైన తొడుక్కునే నల్ల అబాయాలు తీసి కొక్కేనికి తగిలించి ఎలా పరిగెడతారో! నేను ఆడిన ఊళ్ళలో గోడలెక్కి కూచుని మా కాళ్ళకేసి చూస్తూ ఈలలేసిన వెధవలు నాకింకా గుర్తున్నారు. ఇక్కడ ఆ బాధ లేదు. ఇందులో వాళ్ళ తప్పు నాకేం కనిపించలేదు.

నాకు కోపం వచ్చే సంగతి వేరే ఉంది. మొదటి ఉత్తరంలో మీకు చెప్పలేదు, దాచానంటే దాచాను. కాగితం మీద నేను కోచ్‌ని కాను, సహాయకురాలిని. ఈ కాలేజీలో అబ్బాయిల విభాగానికీ అమ్మాయిల విభాగానికీ కలిపి కోచ్ పోస్టు ఒక్కటే. ఆ కోచ్ ఖాసీం అని సూడాన్ ఆయన. అమ్మాయిల హాలు గడప ఆయన తొక్కకూడదు. కాబట్టి లోపల అంతా నేను చేస్తాను, రిజిస్టరులో సంతకం మాత్రం ఆయనది. రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఎవరు ఎలా ఆడారని అడుగుతాడు, నేను చెప్పింది రాసుకుంటాడు. నా చేత పాఠం అప్పజెప్పించుకున్నట్టు ఉంటుంది. నా జట్టు గురించి నేను ఆయనకి లెక్క చెప్పడమేమిటి?

అత్తయ్యకి చెప్పండి, రెండు కాళ్ళూ ఒకేసారి. ఒకమ్మాయికి మాత్రం అలవాటు కావడం లేదు, మడమ ముందు పడుతోంది.

మీ వసుంధర

నిడదవోలు
15 డిసెంబర్ 1996

చి.సౌ. వసుంధరకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాక భోజనం సయించలేదు.

సహాయకురాలా? జాతీయ పోటీల్లో రైల్వే జట్టుకి కెప్టెన్‌గా దిగిన మనిషివి, గడప తొక్కని వాడికి సహాయకురాలివా? సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. వాడు ఏనాడైనా నీ పిల్లల ఆట చూశాడా? చూడనివాడు కోచ్ ఎలా అవుతాడు? నాలుగు ముక్కలు ఫోన్లో రాసుకుని రిజిస్టరు నింపేవాణ్ణి మా ఊళ్ళో గుమాస్తా అంటారు.

నీమీద కూడా కోపంగా ఉంది. నువ్వెందుకు ఒప్పుకున్నావు? నా శిష్యురాలివి, నా దగ్గర నేర్చుకుంది ఇదేనా? సంఘంలో నేను కోచ్ అని చెప్పేశాను. ఇప్పుడు ఫోటో లేదని చెప్పాల్సి వచ్చింది. సెక్రటరీ వక్కపొడి డబ్బా నా ముందుకు తోశాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

నిజం చెప్పమ్మా, నాకు బాధ కలుగుతుందని దాచకు. అక్కడ నువ్వు చేస్తున్నది బంతులు తుడిచి బుట్టలో సర్దే పని కాదు కదా? అదే అయితే మానేసి ఇంట్లో కూచో. అల్లుడుగారు సంపాదిస్తున్నారు, నీకు లోటేమిటి?

మడమ ముందు పడే అమ్మాయిని వారం రోజులు వట్టి కాళ్ళతో ఆడించమని మీ అత్తయ్య చెప్పింది. నేను రాయనంటే రాసేదాకా నిలబడింది.

నీ మావయ్య
వేణుగోపాలరావు

దోహా
3 మార్చి 1997

పూజ్యులు మావయ్యకి,

మీ ఉత్తరం అందాక రెండు నెలలు జవాబు రాయలేదు. బంతులు తుడిచే పని అని మీరు రాసిన ముక్క మింగుడు పడలేదు. ఈవేళ అంతకంటే పెద్ద కోపం వచ్చింది కాబట్టి ఆ చిన్న కోపం పక్కన పెట్టి రాస్తున్నాను.

గెలిచాం. రంజాన్ అయ్యాక నాలుగు ఆడపిల్లల కాలేజీలకి పోటీ పెట్టారు. ఆఖరి ఆటలో ముప్పై ఒకటికి ఇరవై ఎనిమిది. సగం ఆటయ్యేసరికి తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం. పిల్లలు నీళ్ళు తాగుతూ ఏడుస్తున్నారు. నేను కోప్పడలేదు. బుట్ట కింద కాపలా కాసే పద్ధతి మార్చి, మడమ ముందు పడే ఆ అమ్మాయిని (ఇప్పుడు పడటం లేదు, అత్తయ్య మాట పనిచేసింది) ముందుకి తెచ్చాను. చివరి నిమిషంలో ఆ పిల్లే వేసింది. హాలులో మూడువందలమంది ఆడవాళ్ళు, అమ్మలూ అమ్మమ్మలూ, ఇక్కడి పద్ధతిలో నాలుక ఆడించి కేకలేశారు. చెవులు దిమ్మెక్కాయి. నేను ఇన్నేళ్ళు ఆడి గెలిచిన ఏ ఆటలోనూ అంత సంతోషపడలేదు.

ఇక బహుమతులు. అబ్బాయిల పోటీలతో కలిపి మగవాళ్ళ హాలులో పంచారు. మా పిల్లలు వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. మా కప్పు ఖాసీం గారు అందుకున్నారు. మర్నాడు పేపర్లో ఫోటో, చంకలో మా కప్పు. కింద "అమ్మాయిల జట్టును విజేతగా నిలిపిన కోచ్" అని రాశారు. నా పేరు ఎక్కడా లేదు.

కాలేజీ బస్సు నడిపే పోశన్నది జగిత్యాల దగ్గర ఊరు. పేపరు నాకు చూపించింది ఆయనే. "గిదేంది మేడం? ఆయనేమో బయట కార్ల కూసున్నడు, మీరు లోపట ఉన్నరు. ఆట బయట ఆడిండ్రా, లోపట ఆడిండ్రా?" అన్నాడు. బస్సులో అందరి ముందూ తల తిప్పుకుని కిటికీలోంచి చూశాను. పోశన్నకి అర్థమైంది కాలేజీలో ఒక్కరికీ అర్థం కాలేదా?

జూన్లో ఖాసీం గారి కాంట్రాక్టు అయిపోతుంది. ఆ పోస్టులోకి మళ్ళీ ఎవరో మగాయన వస్తాడు, మళ్ళీ నేను ఫోన్లో పాఠం అప్పజెప్పాలి. ఈసారి నావల్ల కాదు మావయ్యా. నా పేరుతో ఇస్తే చేస్తాను, లేకపోతే ఇంజినీరుగారి భార్యగా ఇంట్లో కూచుంటాను. ఇదంతా మీకు తప్ప ఎవరికి చెప్పుకోను? ఊరుకోబుద్ధి కావడం లేదు.

మీ వసుంధర

నిడదవోలు
24 మార్చి 1997

చి.సౌ. వసుంధరకు,

నువ్వు ఊరుకోనక్కర్లేదు. నేను ఊరుకోలేదు.

నీ ఉత్తరం అందిన పూటే మీ డీన్‌గారికి ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పక్కన కూచుని, ఒక్క తప్పు లేకుండా కొట్టించాను. అడ్రసు ఎక్కడిదంటావా, నవంబరులో నువ్వు ఉత్తరం పెట్టి పంపింది కాలేజీ కవరే.

ఏం రాశానో విను. ఖాసీం అనే వ్యక్తి మా అమ్మాయి కష్టాన్ని దొంగిలించిన దొంగ అని రాశాను. ఈమె ఎలాంటి క్రీడాకారిణో మీకు తెలియదు, నాకు తెలుసు, ఎందుకంటే నిడదవోలు గ్రౌండులో ఎవరి సాయమూ లేకుండా, ఒంటిచేత్తో ఈమెకు ఆట నేర్పిన గురువును నేనే అని రాశాను. రుజువు కావాలంటారేమోనని నీ 1984 ఫోటో జతచేశాను. గాల్లోకి ఎగిరి బంతి వేస్తున్న ఫోటో, నిక్కరు, బనీను, మోకాలికి పట్టీ. నా దగ్గర ఉన్నవాటిలో అదే గొప్పది. మీ కాలేజీలో అందరూ చూడాలి.

మీ అత్తయ్య మాత్రం వద్దంది. "అడగందే ఎందుకు రాస్తారు? ఆ ఫోటో ఎందుకు?" అంది. నువ్వు అడిగావని ఆవిడకేం తెలుసు?

మంచి జరుగుతుంది. ధైర్యంగా ఉండు.

నీ మావయ్య
వేణుగోపాలరావు

దోహా
20 ఏప్రిల్ 1997

మావయ్యకి,

నేను అడగలేదు. నా బాధ చెప్పుకున్నాను, అంతే. చెప్పుకోవడానికీ అడగడానికీ తేడా తెలియని మనుషులకి ఉత్తరాలు రాయడం నాదే తప్పు.

మీరు అందరూ చూడాలన్న ఫోటో ఎవరూ చూడలేదు, సుర్రయ్యా పుణ్యమా అని. కవరు ముందు ఆవిడ టేబుల్ మీదికే వచ్చింది. చింపి చూసి, ఫోటో తన హ్యాండ్‌బ్యాగులో దాచి, కాగితాలు మాత్రం డీన్‌కి పంపింది. సాయంత్రం మా ఇంటికొచ్చి ఫోటో నా చేతిలో పెట్టి, "పరేషాన్ కాకు. మొగోళ్ళ చేతులల్ల పడలే. నువ్వు మస్తుగ ఎగిరినవ్, కానీ మీ మామకు అకల్ లేదు" అంది. ఆ ఫోటో అంటే నాకు ప్రాణం, మీకు తెలుసు. దాన్ని చూసి నేను సిగ్గుపడే రోజు తెచ్చారు.

మర్నాడు డీన్ పిలిచింది. ఆవిడ కేకలెయ్యలేదు. మీ రెండు పేజీలూ నా ముందు పెట్టి, "ఎవరు ఈయన?" అంది. మా మావయ్య అన్నాను. "ఈ కాలేజీలో ఉద్యోగం ఆయనదా, నీదా? ఆర్నెల్ల నుంచి నా పక్క గదిలో ఉన్నావు. ఒక్కరోజు నా తలుపు కొట్టి ఇది అన్యాయమని చెప్పావా? సముద్రం అవతలి నుంచి ఒక ముసలాయన వచ్చి నీ బదులు తలుపు కొట్టాలా? మా ఆడవాళ్ళకి నోరు లేదని మీరంతా అనుకుంటారు. నీ నోరు ఏమైంది?" అంది.

కోపం వచ్చిన ప్రతిసారీ స్టాంపు అంటించి మీకు పంపాను. వినాల్సిన మనిషికి పది అడుగుల దూరంలో ఉండి ఒక్కమాట అనలేదు. ఆవిడ నా మౌనం చూసి నాకు ఆ చిన్న పోస్టే సుఖంగా ఉందనుకుందట.

ఖాసీం గారి సంగతి ఇంకా ఘోరం. మీ ఉత్తరం డీన్ ఆయనకీ చూపించింది. ఆయన నాకు ఫోన్ చేసి, ఆ రోజు వేదిక మీద నా పేరు చదవమని రెండుసార్లు అడిగినట్టు, వాళ్ళు వినలేదని చెప్పాడు. తన తర్వాత ఆ పోస్టు నాకే ఇవ్వమని ఫిబ్రవరిలోనే రాసిచ్చాడట. ఆ కాగితం డీన్ కూడా చూపించింది. "మీ పెద్దాయన నన్ను దొంగ అన్నారు మేడం. దొంగకి తను దొంగిలించింది కళ్ళారా చూసే భాగ్యమైనా ఉంటుంది. నేను నా జట్టు ఆట ఒక్కటీ చూడలేదు" అన్నాడు. రోజూ ఆయన ఫోన్ చేసింది లెక్క అడగడానికి కాదు, ఆట వినడానికి. అది నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. క్షమించమని అడిగాను. మీరు కూడా అడగాలి.

ఇక చివరి సంగతి. ఆ పోస్టుకి నేనే అర్జీ పెట్టాను, నా చేత్తో రాసి, తలుపు కొట్టి ఇచ్చాను. కోచింగ్ డిప్లొమా లేదు కాబట్టి రైల్వే సర్వీసు కాగితాలూ, మొదట నాకు ఆట నేర్పినవాళ్ళు సంతకం చేసిన ధ్రువపత్రం ఒకటీ మే నెలాఖరుకి ఇవ్వమన్నారు. జూన్ మొదటి వారంలో కమిటీ కూచుంటుంది.

డీన్ మీ ఉత్తరం పైకి చదివింది. "ఎవరి సాయమూ లేకుండా, ఒంటిచేత్తో" అన్న దగ్గర నేను తల ఊపబోయాను మావయ్యా. అలవాటు. అప్పుడు నాకు మన గ్రౌండులో కుచ్చిళ్ళు ఎగదోపుకున్న అత్తయ్య కళ్ళ ముందు కనిపించింది.

మీరు వాలీబాల్ మనిషి. 1973లో స్కూలుకి రెండు బాస్కెట్‌బాల్ స్తంభాలు వస్తే రూల్సు పుస్తకం పట్టుకుని ఈల ఊదడం తప్ప మీకేం తెలిసేది కాదు. గుంటూరు హాస్టల్లో ఉండి కాలేజీ జట్టుకి ఆడిన మనిషి అత్తయ్య. ఆగడం, తిరగడం, చూడకుండా బంతి అందించడం, అన్నీ మాకు ఆవిడ నేర్పింది, మూడేళ్ళు, రోజూ సాయంత్రం, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి. 1975లో ఏలూరులో జిల్లా పోటీలకి బయల్దేరిన రోజు ఆవిడ కూడా చీర మార్చుకుని స్టేషనుకి వచ్చింది. మాస్టారి భార్య గ్రౌండులో గెంతిందని ఎవరైనా అంటే బాగుండదు, నువ్వాగు అన్నారు మీరు. పులిహోర మూట నా చేతికిచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగిపోయింది. మేం గెలిచాం. ఉత్తమ శిక్షకుడని మీకు మెడల్ వేశారు. తను నేర్పిన జట్టు గెలిచిన ఆటని ఆవిడ చూడలేదు.

చూడనివాడు కోచ్ ఎలా అవుతాడని అడిగారు మీరు. నా పేరు చదవమన్నా వినకుండా కప్పు చేతికిస్తే ఖాసీం గారు సిగ్గుపడ్డాడు. మీరు ఇరవై రెండేళ్ళుగా ఆ మెడల్ తుడుచుకుంటున్నారు. నేను మంచిదాన్నని అనడం లేదు. రైల్వేలో నా గురువెవరని అడిగినప్పుడు నేనూ మీ పేరే చెప్పాను. అది తప్పని తట్టలేదు కూడా.

ధ్రువపత్రం పంపండి. నిజం రాసి పంపండి.

వసుంధర

నిడదవోలు
18 జూన్ 1997

చి.సౌ. వసుంధరకు,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఏడు వారాలు పట్టింది. ధ్రువపత్రం నీకు ఎప్పుడో అందింది కాబట్టి పని ఆగలేదు. అది నీ చేతికి ఎలా వచ్చిందో నీకు తెలియదు, అది రాస్తాను.

ముందు నీమీద మండిపడ్డాను. కళ్ళల్లో పెట్టుకుని పెంచితే ఇదా ప్రతిఫలం అని నాలుగు పేజీలు రాశాను. పోస్టు చెయ్యలేదు. మర్నాడు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి నా పేరుతోనే ధ్రువపత్రం కొట్టించుకొచ్చాను. డ్రిల్లు మాస్టారు సంతకానికి ఉన్న విలువ ఇంటి ఆడమనిషి సంతకానికి ఉంటుందా, నీ మంచికే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. సంతకం పెట్టబోతే ఖాసీం గుర్తొచ్చాడు. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డదంటారే, ఆ బల్లిని నేనే. మరో కాగితం మీద ఆవిడ పేరుతో కొట్టించుకుని ఇంటికొచ్చాను.

ఆవిడ చింతపండు పిక్కలు తీస్తోంది. కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాను.

"దేనికి?" అంది.

"వసుకి ఆట నేర్పింది నువ్వని."

"ఎవరన్నారు?"

"వసు రాసింది."

"అది రాసింది నేనూ చదివాను. మీరేమంటారు?"

"కాగితంలో ఉందిగా" అని గొణిగాను. ఒట్టు, ముప్పై రెండేళ్ళు వందలమంది పిల్లల్ని అరిచి నిలబెట్టిన గొంతు. ఆవిడ పిక్కలు తీయడం మాని నా మొహంలోకి చూస్తూ కూచుంది. చివరికి అన్నాను. "నువ్వే నేర్పావు. నాకేం తెలియదు. ఆ మెడల్ నీది" అన్నాను.

సంతోషిస్తుందనుకున్నాను. చూడు నా తెలివి! ఆవిడ లేచి చేతులు కడుక్కుని, "ఇరవై రెండేళ్ళు. ఒక్కసారి, ఇంట్లో, ఎవరూ లేనప్పుడైనా ఆ మాట అంటారేమోనని చూశాను. ఊరంతటికీ చెప్పమనలేదు. నాకు చెప్పమన్నాను. ఇప్పుడు దాని ఉద్యోగం కోసం కావాల్సొచ్చింది కాబట్టి చెప్పారు" అంది. గొంతు పెంచలేదు. నేను కొట్టించిన కాగితం మడిచి పక్కన పెట్టి, అమ్ము కిందటేడు వేసవిలో వదిలేసి వెళ్ళిన నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి, ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఇంగ్లీషు రాయగా నేను చూడలేదు. నాకంటే బాగా రాసింది. వసుంధరకు 1973 నుంచి 1976 వరకు బాస్కెట్‌బాల్ నేర్పింది నేను, ఆమె బాగా నేర్చుకుంది, నేను నేర్పింది ఆమె ఇతరులకు నేర్పుతోంది, ఆ సంగతి ఆమె ఉత్తరాల వల్ల నాకు తెలుసు. కింద సీతారత్నం అని సంతకం చేసి, పేరు పక్కన కోచ్ అని రాసుకుంది. పోస్టాఫీసుకి నేను వెళ్తానంటే వినలేదు. తనే వెళ్ళి రిజిస్టరు చేసొచ్చింది.

ఖాసీం గారికి క్షమాపణ రాశాను, ఇందులో పెట్టాను. చదివి ఇవ్వు, ఆయన వెళ్ళిపోయి ఉంటే అడ్రసు కనుక్కుని పంపు. సంఘంలో కూడా చెప్పాను. సెక్రటరీ ఏమన్నాడో రాయను, ఈసారి వాడిదే న్యాయం.

ఆదివారం పక్కింటికి నీ ఫోన్ వచ్చినప్పుడు నేను అత్తయ్య వెనకే నిలబడ్డాను. సెప్టెంబరు నుంచి నీ పేరుతోనే పోస్టు అని నువ్వు చెప్పడం ఫోన్లోంచి నాకూ వినిపించింది, ఆవిడ "ఆఁ, మరి!" అంది. తర్వాత పది నిమిషాలు కాళ్ళ గురించీ, మడమల గురించీ, కొత్త పిల్లల్ని ఎంతమందిని తీసుకోవాలన్న దాని గురించీ మాట్లాడింది. నాకిస్తుందేమోనని చెయ్యి చాపాను. ఆవిడ ఫోన్ పెట్టేసి పక్కింటావిడతో వాళ్ళ పెరట్లోకి వెళ్ళిపోయింది.

వేళకి అన్నం పెడుతుంది, మందులు ఇస్తుంది. నాతో మాత్రం మాట్లాడదు. ఏడు వారాలయింది. మొదట్లో కోపం వచ్చేది, ఎన్నాళ్ళీ పంతం అని. ఇప్పుడు కూచుని ఆలోచిస్తుంటే, ఇరవై రెండేళ్ళు ఈ మనిషి నాతో ఎలా మాట్లాడగలిగిందో తెలియడం లేదు.

మావయ్య